మాస్టారి పేరిట హైజంప్ మ్యాట్ నిధి: జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ నమస్కారం. పీఈటీ మాస్టారి పేరిట మన బడి మైదానానికి హైజంప్ మ్యాట్ కొనడానికి వసూలు చేసిన డబ్బు లెక్క ఇది.

పూర్వ విద్యార్థుల నుంచి రూ. 3,42,000, తల్లిదండ్రులు, కాలనీవాసుల నుంచి రూ. 48,500 వచ్చాయి. వద్దన్నా వినకుండా మాస్టారు కూడా రూ. 20,000 ఇచ్చారు. పోటీలకు అఫీషియల్‌గా వెళ్ళినప్పుడు వచ్చిన భత్యంలోంచి దాచిన సొమ్మట. మొత్తం జమ రూ. 4,10,500.

ఖర్చులో పెద్దది మ్యాటే. జీఎస్టీతో కలిపి రూ. 2,98,000 అయింది. చిన్నది కొంటే సరిపోయేది కదా అని కొందరు అడిగారు. మేం తీసుకున్నది 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల మందం. పెద్ద పోటీల్లో అడిగే కొలత అది. మాస్టారు దూకిన రోజుల్లోనూ, మనకు నేర్పిన రోజుల్లోనూ ఉన్నది ఇసుక గుంటే. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికా ఆటగాడు ఫాస్‌బరీ బార్ మీదుగా వెల్లకిలా 2.24 మీటర్లు దూకి స్వర్ణం గెలిచాక, క్రమంగా అందరూ ఆ పద్ధతికే మళ్ళారు. అలా దూకితే పడేది వీపు, భుజాల మీద. ఇసుకలో పడితే మెడకు ప్రమాదమని మాస్టారు మనలో ఎవరినీ ఫ్లాప్ (ఆ వెల్లకిలా దూకే పద్ధతి) వేయనివ్వలేదు, కాళ్ళ మీద దిగే సిజర్స్ మాత్రమే నేర్పారు. బయటి పోటీల్లో మనవాళ్ళు వెనకబడింది అక్కడే. ఇప్పటి పిల్లలకు ఆ లోటు ఉండకూడదని మా పట్టుదల.

స్టాండ్లు, రెండు ఫైబర్ బార్లకు రూ. 31,500. 2003లో మన నగరంలో జరిగిన ఆఫ్రో-ఆసియన్ క్రీడల్లో హైజంప్ దగ్గర అఫీషియల్‌గా నిలబడ్డ మనిషి కదా, సామాను దిగగానే మాస్టారు టేపు తెమ్మన్నారు. బార్ మధ్యలో 2 సెంటీమీటర్లకు మించి వంగకూడదన్నది నిబంధన. ఒకటి అంతకన్నా వంగిందని తిప్పి పంపించారు. అదనంగా పైసా పడకుండా వేరేది వచ్చింది.

మ్యాట్ నేల మీదే ఉంటే వానాకాలం నీళ్ళు పీల్చి పాడవుతుంది. అందుకే కింద ఇనుప చట్రం, పైన టార్పాలిన్ వేయించాం, రూ. 38,200. రవాణా, హమాలీ రూ. 9,800. సభకు షామియానా, టీ, టిఫిన్లు, ఒక్క శాలువా కలిపి రూ. 11,400. ఫ్లెక్సీలకు ఏమీ పెట్టలేదు, మాస్టారే ఒప్పుకోలేదు.

మొత్తం ఖర్చు రూ. 3,88,900. మిగిలిన రూ. 21,600 కమిటీ బ్యాంకు ఖాతాలో ఉంది. టార్పాలిన్ చిరిగితే మార్చడానికి తప్ప దాన్ని ముట్టుకోం. దాతల జాబితా బడి నోటీసు బోర్డులో పెట్టాం. బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా శనివారం సాయంత్రం మైదానానికి వచ్చి చూడవచ్చు.

– పూర్వ విద్యార్థుల కమిటీ, హైదరాబాద్