వార్షిక నివేదిక: ముందు చెవి, తర్వాతే మైకు

సభ్యులందరికీ నమస్కారం.

చుట్టూ వినిపించే చప్పుళ్లతో సంగీతం కట్టడం మన సంఘం పని. ఈ ఏడు మాత్రం ఎక్కువ కాలం రికార్డర్లు పక్కన పెట్టి ఊరికే విన్నాం. "వినడానికి సంఘం ఎందుకండీ?" అని ఒక సభ్యురాలు సమావేశంలోనే నిలదీశారు. సబబైన ప్రశ్నే.

చప్పుళ్లు వింటూ నడిచే ఈ శబ్ద నడకల్లో నియమం ఒక్కటే: మాట్లాడకూడదు. తిరిగొచ్చాక విన్నవి కాగితం మీద పెట్టాలి. మొదట్లో అందరూ "బస్సు, కుక్క, హారన్" అని రాసి ఇచ్చేవారు. పోనుపోను ఏ చప్పుడు ఆగి ఆగి వస్తోంది, దేని వెనక ఏది నక్కి ఉంది అనేవి కాగితాల్లోకి వచ్చాయి. 1948లో పారిస్‌లో రైళ్ల చప్పుళ్లను రికార్డు చేసి సంగీత రచనగా కూర్చిన పియేర్ షెఫర్ కూడా తర్వాత ఇదే వాదించాడు: శబ్దం దేని నుంచి వచ్చిందో పక్కన పెట్టి, శబ్దాన్నే వినమని.

ఈ ఏటి పెద్ద పని బకెట్ రచన. కారే కుళాయి కింద రేకు బకెట్ పెట్టాం. ఖాళీ బకెట్లో చుక్క పడితే ‘టంగ్’. కాస్త నీళ్లు చేరాక ‘టుబుక్’. చుక్కతో పాటు నీటి కింద చిక్కుకున్న గాలిబుడగ కంపించడం వల్ల వచ్చే శబ్దమది. బుడగ ఎంత చిన్నదైతే శ్రుతి అంత పైకి. రికార్డింగు వేగం సగానికి తగ్గిస్తే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి (పై ‘స’ నుంచి కింది ‘స’కి) దిగింది, ‘టంగ్’ కాస్తా గంటయింది. మిగతా కూర్పంతా ఆ గంట చుట్టూ అల్లుకున్నదే. ఫోన్లో రికార్డు చేసేవారికి ఒక మాట: రొద తగ్గించే సెట్టింగు ఆపేయండి. చుక్క తర్వాత సాగే సన్నని నాదాన్ని అది మింగేస్తోంది.

ఎవరి మాటలైనా రికార్డింగులో పడితే, వారి అనుమతి లేకుండా వాడకూడదని తీర్మానించాం. దీని మీద వాదన గట్టిగానే జరిగింది. బాగున్న రెండు కూర్పులు పక్కన పెట్టాల్సి వచ్చింది, తప్పదు.

లెక్కలు ఆడిటైపోయాయి, చూడదలచినవారు కోశాధికారిని అడగవచ్చు.

జులై 18 ప్రపంచ శ్రవణ దినోత్సవం, కెనడా స్వరకర్త ముర్రే షేఫర్ పుట్టినరోజు. (పారిస్ షెఫర్ వేరు, ఈయన వేరు. మన క్విజ్‌లో సగం మంది ఇక్కడే బోల్తా పడ్డారు.) ఆ రోజు తెల్లవారుజామున నడక ఉంటుంది. సంఘం రికార్డర్లు ఇంకా ఇళ్లలో పెట్టుకున్నవారు ఆలోగా తెచ్చివ్వండి. బ్యాటరీలు తీసేసి మరీ.

— కార్యదర్శి