పేగుల్లో బ్యాక్టీరియాకి మంచి, చెడు అని ముద్రలు ఎందుకండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం మీ హెల్త్ పేజీలో పేగుల్లోని బ్యాక్టీరియా మీద వేసిన ఆర్టికల్ చదివాను. టాపిక్ మంచిదే కానీ మొత్తాన్ని మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అని రెండు గుంపులు చేసేసి చివర్లో ప్రోబయోటిక్ పొడి (బతికున్న బ్యాక్టీరియా కలిపిన పొడి) వేసుకుంటే సరిపోద్ది అన్నట్టు ముగించేశారు. అసలు సంగతి అది కాదండి. ఒకే బ్యాక్టీరియా తన దగ్గరికి ఏ చక్కెర వస్తే దానికి పనికొచ్చే జీన్స్ ఆన్ చేసుకుంటుంది, మిగతావి ఆపేసుకుంటుంది, అంటే లోపల అది ఏం పని చేస్తుందనేది చాలా వరకు మన కంచంలో ఏముందో దాన్ని బట్టే.

నీట్‌కి చదివే పిల్లల్ని ఎవర్నైనా నిద్రలో లేపి అడగండి, లాక్ ఒపెరాన్‌లో (పాలలోని లాక్టోజు అనే చక్కెరని తినడానికి కావాల్సిన జీన్ల గుంపు) జెడ్, వై, ఏ జీన్స్ అని టకటకా చెప్పేస్తారు. అవి ఉన్న ఈ.కోలై అనే బ్యాక్టీరియా తమ పేగుల్లోనే ఉందని మాత్రం చాలామందికి తట్టదు (వాళ్లకి పాఠం చెప్పేది నేనే కాబట్టి ఈ మాట అనొచ్చు). రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పారిస్‌లో జాక్ మోనో అనే సైంటిస్టు బ్యాక్టీరియాకి రెండు రకాల చక్కెరలు కలిపి పెట్టి చూశాడు. అది రెండూ ఒకేసారి తినలేదు, ఒకటి పూర్తిగా అయిపోయాక కాసేపు ఎదుగుదల ఆగి, తర్వాత రెండోది మొదలెట్టింది. పెళ్లి భోజనంలో బిర్యానీ అయ్యేదాకా పెరుగన్నం వంక ఎవరూ చూడరు కదా, ఈ.కోలైకి గ్లూకోజు బిర్యానీ, లాక్టోజు పెరుగన్నం. ఆ కాసేపు ఆగడం ఎందుకు అనే ప్రశ్నే చివరికి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వా జాకబ్‌తో కలిసి రాసిన 1961 పేపర్ దాకా వెళ్లింది, 1965లో ఆంద్రే ల్వోఫ్‌తో పాటు వీళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

లాక్టోజు లేనప్పుడు రెప్రెసర్ అనే ప్రోటీను ఆ జీన్స్ ముందు డీఎన్‌ఏని పట్టుకుని కూర్చుంటుంది. లాక్టోజు లోపలికొస్తే అందులో కొంచెం అల్లోలాక్టోజు అనే ఇంకో రూపంలోకి మారి రెప్రెసర్‌కి అతుక్కుంటుంది, అప్పుడది డీఎన్‌ఏని వదిలేస్తుంది. కానీ గ్లూకోజు ఉన్నంతసేపూ అదొక్కటే చాలదు, లాక్టోజు లోపలికొచ్చే దారే మూసుకుపోతుంది, పైగా జీన్స్‌ని గట్టిగా నడిపించే క్యాప్ అనే ప్రోటీను కూడా పనిలోకి దిగదు. గ్లూకోజు అయిపోయాక చూడాలి, లాక్టోజుని ముక్కలు చేసే ఎంజైము దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది! పనికిరాని ఎంజైములు తయారుచేస్తూ కూర్చుంటే పక్కనున్న బ్యాక్టీరియా దాన్ని దాటి పెరిగిపోతుంది, అందుకే ఇంత పిసినారితనం.

అయితే పెద్దపేగులో ఈ.కోలై వాటా చాలా చిన్నది. అక్కడ అసలు హడావిడి బ్యాక్టీరాయిడిస్ జాతులది. అందులో థీటాఅయోటామైక్రాన్ అని ఒకటుంది, నోరు తిరగదు, సైంటిస్టులే బీ థీటా అని కానిచ్చేస్తారు. 2003లో దాని జీనోమ్ (మొత్తం జీన్ల చిట్టా) బయటికొచ్చింది. పీచులో, పిండిపదార్థాల్లో ఉండే రకరకాల చక్కెర గొలుసుల కోసం ఎనభైకి పైగా జీన్ల గుంపులు ఉన్నాయి దానికి, ఏ చక్కెర వచ్చిందో పసిగట్టే సెన్సార్ దేనిది దానిదే. మన కందిపప్పు, సెనగల్లో ఉండే రాఫినోజు లాంటి చక్కెరల్ని విడగొట్టే ఎంజైము మన చిన్నపేగులో లేదు, అవి పెద్దపేగుదాకా వెళ్తే ఇలాంటి బ్యాక్టీరియానే పులియబెడుతుంది. పప్పు తిన్నాక గ్యాస్ అంటారే, అది ఇదే, జబ్బేం కాదు.

మీ ఆర్టికల్‌లో అసలు రానిది ఇంకోటుంది. పీచు అందకపోతే ఈ బీ థీటా పస్తుండదు, పేగు గోడ మీద ఉండే జిగురు పొరలోని చక్కెరల్ని తినే జీన్స్ ఆన్ చేసుకుంటుంది. ఎలుకలకి పీచు లేని తిండి పెడితే ఆ పొర పలచబడటం ప్రయోగాల్లో చూశారు. మరి ఇప్పుడు ఇది మంచి బ్యాక్టీరియానా చెడ్డదా? ఇంకా ఉంది, 2019లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు ఎలుకల్లో చూసిందేంటంటే గ్లూకోజు, ఫ్రక్టోజు ఎక్కువై పెద్దపేగుదాకా దిగితే, ఇదే బ్యాక్టీరియా అక్కడ నిలదొక్కుకోడానికి కావాల్సిన ఒక ప్రోటీను తయారీ ఆగిపోతుందని. ఎలుకల్లో చూసింది మనుషులకి యథాతథంగా అంటగట్టకూడదు, ఒప్పుకుంటా, కానీ ముప్పూటలా పాలిష్ బియ్యం, మైదా, కూల్ డ్రింకులతో గడిపేసి పైన ఒక ప్యాకెట్ పొడి కలుపుకుంటే అయిపోద్దా అని అడగాల్సింది మీలాంటి పేపర్లే కదండీ.

అందుకని ఒక రిక్వెస్ట్. ఈసారి ప్రోబయోటిక్ మీద ఏదన్నా వేసేటప్పుడు ఆ ప్యాకెట్‌లో ఏ జాతి ఉంది, అది ఏ చక్కెర తిని బతుకుతుంది, ఆ చక్కెర ఏ కూరలో ఏ పప్పులో దొరుకుతుంది, ఈ మూడూ కంపెనీ వాళ్లని అడిగి రాయండి. వాళ్లు చెప్పకపోతే చెప్పలేదనే వేయండి.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ బోటనీ లెక్చరర్,
నరసరావుపేట