పాత పేటెంట్లను తెలుగులో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం. నేను బెంగళూరు పీణ్యలో చిన్న లేత్ వర్క్‌షాప్ నడుపుతున్నాను. ఈమధ్య రాత్రిపూట ఫోన్‌లో వందేళ్ల కిందటి అమెరికా పేటెంట్లు, అంటే కొత్త వస్తువు కనిపెట్టినవాళ్లకు దానిమీద కొంతకాలం హక్కు ఇచ్చే పత్రాలు చూడటం అలవాటైంది, వాటిలో బొమ్మలు ఎంత వివరంగా ఉంటాయంటే ప్రతి భాగానికీ ఒక నంబరు, ఆ నంబరు పట్టుకుని కింద వివరణ, చివర్లో ఆ వస్తువులో కొత్తదనం సరిగ్గా ఎక్కడుందో చెప్పే వాక్యాలు. 1903లో మేరీ ఆండర్సన్ అనే ఆమె కారు అద్దం తుడిచే వైపర్‌కు పేటెంట్ తీసుకుంది. డ్రైవరు లోపల కూర్చునే చేత్తో పిడి తిప్పితే బయట రబ్బరు కదులుతుంది, అంతే! దానిమీద ఆమెకు డబ్బేమీ రాలేదని చదివి చాలా బాధేసింది.

అదే 1903లో మన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుణె దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్‌కి ఆటోమేటిక్ గేట్లు పెట్టించారు. వరద మట్టం పెరిగితే వాటంతట అవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. ఇక్కడ కస్తూర్బా రోడ్డులో ఆయన పేరున మ్యూజియమే ఉంది, కానీ మా షాపులో పనిచేసే తెలుగు కుర్రాళ్లకు ఈ గేట్ల సంగతే తెలియదు.

ఆ పాత పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది, ఎవరైనా చేసుకోవచ్చు. ఇంగ్లిష్ రాక మా కుర్రాళ్లు వాటి జోలికి పోవడం లేదు. మీ ఆదివారం పేజీలో వారానికి ఒక్కటి, బొమ్మతో సహా, తెలుగులో వేయండి సార్. గోడకు అంటించుకుంటాం.

— ఒక పాఠకుడు, పీణ్య, బెంగళూరు