ఇంటి బీరుకు ఏడు రోజుల లెక్క ప్రమాదం

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలో మనవాళ్లు ఇంట్లో బీరు చేసుకోవడం గురించి వ్యాసం వేశారు. అందులో ‘ఏడు రోజులు పులియనిచ్చి సీసాల్లో నింపుకోవాలి’ అన్న వాక్యం చదవగానే నాకు గుండె ఝల్లుమంది. ఆ లెక్క నమ్మితే మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను.

మేం మినియాపొలిస్ దగ్గర ఉంటాం. మూడేళ్ల కిందట జనవరిలో బేస్‌మెంట్‌లో 5 గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు, ఏల్ (కాస్త వెచ్చటి చోట పులిసే) రకం బీరు పెట్టాను. ఈస్ట్ (చక్కెరను పులియబెట్టే సూక్ష్మజీవి) కలిపేముందు హైడ్రోమీటర్ (ద్రవంలో తీపి ఎంతుందో చూపే పరికరం) రీడింగ్ 1.050. పులిసేకొద్దీ అది తగ్గుతుంది, రెసిపీ ప్రకారం 1.012 దగ్గరికి దిగాలి. ఏడో రోజు చూస్తే 1.020 ఉంది. కానీ ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను బయటికి వదిలే మూతలో) బుడగలు ఆగాయి, వారం కూడా గడిచింది, ఇక అయిపోయిందనుకున్నాను. నిజానికి బేస్‌మెంట్ 14 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడి ఈస్ట్ మందగించింది, అంతే. గ్యాస్ పట్టడానికి మామూలుగా వేసే 130 గ్రాముల చక్కెర కలిపి, 48 సీసాలకు మూతలు బిగించి, పైన వెచ్చటి స్టోర్‌రూమ్‌లో పెట్టాను.

పద్దెనిమిదో రోజు రాత్రి మొదటి సీసా పేలింది. తెల్లారేసరికి నాలుగు పేలాయి. ఒక గాజు పెంకు తలుపు చెక్కలో దిగబడింది. ఆ సాయంత్రమే మా ఆరేళ్ల పాప ఆ గదిలోంచి బొమ్మల పెట్టె తెచ్చుకుంది. తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

తర్వాత లెక్క వేశాను. నేను కలిపిన చక్కెర హైడ్రోమీటర్ మీద మూడు పాయింట్ల (పాయింటంటే 0.001) లోపే. దానికి తోడు ఇంకా పులియాల్సిన ఎనిమిది పాయింట్ల తీపిని సీసాల్లో బంధించాను. వెచ్చదనం తగలగానే ఈస్ట్ మళ్లీ లేచింది. వచ్చిన గ్యాస్‌కు బయటికి దారి లేదు.

మా తాత సూర్యాపేట దగ్గర తాటిచెట్లు గీసి కల్లు దించేవాడు. ఎండాకాలం పొద్దున దించిన లొట్టి (కల్లు కుండ) పది గంటలకే పొంగేది, చలిరోజుల్లో మధ్యాహ్నం దాకా తియ్యగానే ఉండేది. ఆయన గడియారం చూసేవాడు కాదు, నురుగు చూసి, నాలుక మీద వేసుకుని చెప్పేవాడు. లొట్టికి మూత బిగించరు కాబట్టి అంచనా తప్పినా ఎవరికీ దెబ్బ తగలదు. సీసాకు బిగిస్తాం కాబట్టే ఇక్కడ కొలత తప్పనిసరి.

18-20 డిగ్రీల్లో ఏల్‌కు చాలాసార్లు పది, పద్నాలుగు రోజులు పడుతుంది. లాగర్ అనే మరో రకం బీరును 10-12 డిగ్రీల చలిలో పెడతారు కాబట్టి ఇంకా ఆలస్యం. ఇవి కూడా అంచనాలే. రీడింగ్ రెసిపీ చెప్పిన అంకె దగ్గరికి దిగాలి. రెండు మూడు రోజులాగి మళ్లీ కొలిచినా అదే ఉండాలి. అప్పుడే నింపాలి. ఆ అంకెకు పైనే ఆగిపోతే ఫెర్మెంటర్‌ను (పులియబెట్టే పాత్రను) వెచ్చటి చోటికి మార్చి, మెల్లగా కదిపి, ఓపిక పట్టాలి.

మరో సంగతి కూడా వ్యాసంలో లేదు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇక్కడ సొంతానికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే 200 గ్యాలన్ల వరకు చేసుకోవచ్చు, అమ్మకూడదు. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది. చదివి సరదాపడే కుర్రాళ్లకు ఇది తెలియాలి.

దయచేసి వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి. ఈలోగా ఎవరైనా వారం లెక్కన నింపేసి ఉంటే, పిల్లల్ని ఆ గది వైపు రానివ్వకండి. కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకుని సీసాలను కదలకుండా ఫ్రిజ్‌లోకి మార్చండి. ఒక రోజు బాగా చల్లబడ్డాక, మీద మందపాటి తువ్వాలు కప్పి, ఒక్కో మూత మెల్లగా సడలించి గ్యాస్ వదిలేయండి.

- ఒక పాఠకుడు, మిన్నెసోటా, అమెరికా