పదో మనిషి దగ్గుతూ వస్తే

సంపాదకుడు గారికి,

జ్వరంతో, దగ్గుతో గుడికో చర్చికో మసీదుకో వచ్చి కూర్చునేవాళ్ళకు జరిమానా వేయాలని మొన్న మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆ రసీదు పుస్తకం ఎవరి చేతిలో ఉండాలో మాత్రం రాయలేదు. నేను పర్లాకిమిడిలో చాలాకాలం మందుల షాపు నడిపి, ఇప్పుడు ఒక భజన మండలికి కార్యదర్శిగా ఉన్నాను. ఆ పుస్తకం నాకిచ్చినా నేను తీసుకోను.

మా మేనల్లుడు అమెరికాలో, న్యూజెర్సీలోని బెర్గెన్ కౌంటీలో ఉంటాడు. ఇరుగూ పొరుగూ యూదులే. 2020 మార్చిలో ప్రభుత్వం లాక్‌డౌన్ పెట్టకముందే అక్కడి రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, కూడబలుక్కుని సినగాగులు (వాళ్ళ ప్రార్థన మందిరాలు) మూసేశారట. ఇళ్ళలో కూడా గుంపుగా ప్రార్థన చేయొద్దన్నారు. వాళ్ళకు అదేమీ చిన్న సంగతి కాదు. యూదుల సామూహిక ప్రార్థనకు పదిమంది ఉండాలి. సంప్రదాయం గట్టిగా పాటించేవాళ్ళలో పదిమందీ పదమూడేళ్ళు దాటిన మగవాళ్ళే. తొమ్మిదిమందే ఉంటే కొన్ని ప్రార్థనలు చెప్పడానికి లేదు. అందులో ‘కద్దిష్’ ఒకటి. తండ్రి పోతే కొడుకు పదకొండు నెలలపాటు రోజూ చెప్పేది అది. మాసికం తప్పిపోతుందంటే మన ఇళ్ళలో ఎంత బెంగ పడతారో తెలిసిందే కదా. అలాంటి కొడుకు ఒకడు దగ్గుతూ వచ్చి, తొమ్మిదిమంది ఉన్నచోట తానే పదోవాడినంటే? పొమ్మంటే ప్రార్థన ఆగుతుంది, ఉండమంటే పక్కనున్న ముసలాయన ప్రాణం మీదికొస్తుంది.

దీనికి వాళ్ళ ధర్మంలోనే జవాబుంది. ‘పికువాహ్ నెఫెష్’ అంటారు. ప్రాణం కాపాడడం కోసం దాదాపు ఏ ఆజ్ఞనైనా పక్కన పెట్టొచ్చు. వాళ్ళ పవిత్ర గ్రంథంలోని లేవీయకాండంలో ఈ ఆజ్ఞల వల్ల మనిషి బతుకుతాడని ఉంటే, బతకడానికే గానీ చావడానికి కాదని తల్మూద్ (వాళ్ళ ధర్మశాస్త్ర చర్చల గ్రంథం) పండితులు తేల్చారు. 1831లో కలరా వచ్చినప్పుడు పోజెన్‌లో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది) రబ్బీ అకీవా ఈగర్ రాసిన ఉత్తరం ఒకటుంది. ఇరుకు చోట సుమారు పదిహేనుమందికి మించి చేరొద్దు, తెల్లవారుతూనే మొదలుపెట్టి ఒక జట్టు తర్వాత ఒక జట్టు రావాలి, ఎక్కువమంది తోసుకురాకుండా చూడడానికి అవసరమైతే పోలీసును అడగండి అన్నాడాయన. ఇంత చక్కగా టైమ్‌టేబుల్ వేసిన మతపెద్దను నేనింకెక్కడా చూడలేదు.

అయితే ఆయన చెప్పిన వరసే నాకు ముఖ్యం. ముందు పెద్దమనిషి మాట, తర్వాత వేళలు, ఆఖరున పోలీసు. మనం పోలీసుతో మొదలుపెడుతున్నాం. పైగా ఒకడి తప్పు వాడి మనుషులందరికీ అంటగడతాం. 2020 ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో ఒక అంత్యక్రియకు జనం గుమిగూడితే, న్యూయార్క్ మేయరు మొత్తం యూదు సమాజాన్నే హెచ్చరిస్తున్నట్టు ట్వీటు పెట్టి చీవాట్లు తిన్నాడు. ఆ రోజుల్లోనే మన దేశంలో కూరగాయలమ్మే ముస్లింలను వీధిలోకి రానివ్వని చోట్లున్నాయి. ఇలా చేస్తే జబ్బు ఉన్నవాడు బయటికి చెప్పడు, దాచుకుంటాడు.

మా మండలి సంగతి చెబుతాను. హార్మోనియం వాయించే ఆయన దగ్గు తగ్గకుండానే వచ్చేవాడు. “దేవుడి దగ్గర రోగమేంటి బాబూ” అనేవాడు. ఆయన లేకపోతే శృతి లేదు, అందుకని ఎవరూ నోరెత్తేవారు కాదు. చివరికి ధనుర్మాసానికి ముందే మా పెద్దాయన చేత, అందరూ ఉండగా, పేరెత్తకుండా నియమం చెప్పించాం: జ్వరమూ దగ్గూ ఉన్నవాళ్ళు గడప దగ్గరే ఆగాలి. వినకుండా లోపలికొస్తే గొడవ పడం, హారతిచ్చి ఆ పూటకి ముగించేస్తాం. ఒక సాయంత్రం అలాగే ముగించాం. ఆయనకు చాలా కోపమొచ్చింది. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, మానేయలేదు కూడా. ఇప్పుడు ఒంట్లో బాగోకపోతే తనే ఫోన్ చేస్తాడు. హార్మోనియం లేని రోజున మా శృతి ఎలా ఉంటుందో అడక్కండి.

నమ్మకం ఉన్నవాళ్ళు వినరని అనేవాళ్ళకు 2020 రథయాత్ర గుర్తుచేస్తాను. సుప్రీంకోర్టు ముందు ఆపేసి, తర్వాత పూరీకి మాత్రం అనుమతిచ్చింది. ఒక్కో రథానికి 500 మందికి మించకూడదు, లాగేవాళ్ళందరికీ కరోనా పరీక్ష ఉండాలి, భక్తులు రాకూడదు అంది. ఊళ్ళో కర్ఫ్యూ పెట్టారు. జగన్నాథుడి విషయంలోనే ఇది కుదిరినప్పుడు మా భజనకేం?

పోతే, ఒక మనవి. కార్తీకంలో భజనల వేళలు, వనభోజనాల కబుర్లు మీ జిల్లా పేజీలో వేస్తారు కదా. వాటి కింద “జ్వరం ఉన్నవారు ఇంట్లోనే ఉండండి, ప్రసాదం పంపిస్తాం” అని ఒక లైను వేయండి. మా ఊళ్ళో పంపే పూచీ మాది. పాతపట్నం వైపు వాళ్ళు అడిగితే మాత్రం ఆటో ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలి.

ఇట్లు,
ఒక భజన మండలి కార్యదర్శి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా