బొగ్గు సైడింగుల కట్టలను ముక్కలు కానివ్వకండి: పర్యాటక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రిగారికి నమస్కారములతో,

సింగరేణి ప్రాంతంలో భూగర్భ గనులు మూతపడే కొద్దీ వాటి కోసం ప్రధాన రైలు మార్గం నుంచి వేసిన రైల్వే సైడింగులకూ, అంటే పక్క లైన్లకూ, పని లేకుండా పోతోంది. పట్టాలు ఎత్తేశాక మిగిలే కట్టలను నడకకు, సైకిళ్లకు పనికొచ్చే దూరప్రయాణపు బాటగా మార్చాలని, అంతవరకు ఆ భూమి ఎవరి చేతుల్లోకీ ముక్కలుగా పోకుండా చూడాలని కోరుతున్నాను.

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. ఆ తర్వాత గోదావరి లోయ పొడవునా తట్టా చెమ్మస్ (పార) పట్టిన కోల్ ఫిల్లర్లు, అంటే బొగ్గు ఎత్తి నింపే కార్మికులు, నింపిన బొగ్గు రైలెక్కి దేశమంతా చేరింది. పాత సైడింగు దగ్గర నిలబడి చూస్తే సర్కారు తుమ్మ కమ్మేసిన కట్ట, కంకర సందుల్లో నల్లటి బొగ్గుపొడి, వాన నీరు పోయే కల్వర్టు ఇప్పటికీ కనిపిస్తాయి. నిండు వ్యాగన్లు ఎక్కువ ఎత్తు ఎక్కలేవు కాబట్టి ఆ కట్టలను దాదాపు సమతలంగా వేశారు. పిల్లలూ పెద్దవాళ్లూ ఆయాసం లేకుండా సైకిల్ తొక్కడానికి ఇంతకన్నా అనువైన దారి దొరకదు.

అమెరికాలో బొగ్గు, ఉక్కు పరిశ్రమలకు పేరుపడ్డ పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ వరకు సుమారు 240 కిలోమీటర్ల గ్రేట్ అలెగనీ పాసేజ్ ఇలా పాత రైలు మార్గాల మీదే వచ్చింది. 1986లో చిన్న ముక్కగా మొదలై 2013లో పూర్తయింది. మళ్లీ అవసరమైతే పట్టాలు వేసుకునే హక్కును అట్టే పెట్టి, ఈలోగా మార్గాన్ని బాటగా వాడుకునే వీలును అక్కడి చట్టం 1983లోనే కల్పించింది. మనకూ ఆ పద్ధతే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకసారి తెగిన కట్టను తిరిగి కలపడం దాదాపు అసాధ్యం.

కాజీపేట–బల్లార్షా ప్రధాన మార్గం జోలికి పోనక్కరలేదు. సైడింగుల మధ్య ఖాళీలను ఊరి రోడ్లతో కలపవచ్చు. అయితే పాత గనుల పైభాగం కుంగే ప్రమాదం ఉంది కనుక సింగరేణి సర్వే పటాలు చూడకుండా ఎక్కడా దారి ఖరారు చేయకూడదు.

1934లో మొదలై తర్వాత మూతపడిన ఆజంజాహి బట్టల మిల్లు గుర్తులు ఎంత మిగిలాయో వరంగల్‌లో ఎవరినడిగినా చెబుతారు. బొగ్గు కట్టలకు ఆ గతి పట్టకముందే పర్యాటక శాఖ, సింగరేణి, దక్షిణ మధ్య రైల్వే కలిసి బెల్లంపల్లి, ఇల్లందు పరిసరాల్లో సర్వే చేపట్టేలా ఆదేశించాలని, విశ్రాంత కార్మికులను కూడా అందులో భాగం చేయాలని మనవి.

భవదీయుడు,
హనుమకొండ వాసి