శైలూకి, అండమాన్‌లో బస గురించి

పెరంబూరు, చెన్నై
శుక్రవారం మధ్యాహ్నం

చి. సౌ. శైలజకు అమ్మ ఆశీస్సులు.

మేమిక్కడ క్షేమం. నువ్వూ ప్రసాదూ అక్కడ క్షేమమని తలుస్తాను. మీ నాన్నకి షుగర్ అదుపులోనే ఉంది, అదుపులో లేనిది ఆయన నోరే. కింద వాటా వాళ్ళు మళ్ళీ మోటారు కాల్చేశారు. రెండు రోజులుగా బిందెలతో మొయ్యడమే.

సంక్రాంతికి రాలేనన్నావు, సరే. ఆ తర్వాత నీ దగ్గర్నుంచి వచ్చిన కబురు నిన్నటి మెసేజ్ ఒక్కటే. "అమ్మా, మార్చిలో అండమాన్ వెళ్తున్నా. ఎక్కడ దిగితే బాగుంటుంది? మీరు వెళ్ళారుగా. సింగిల్ రూమ్ చాలు" అని. వెంటనే ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీటింగులో ఉన్నావేమో. రాత్రి పదింటికి కూడా మీటింగులేమిటో నాకు తెలీదు. ఫోన్లో అయితే "సరే అమ్మా, సరే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే కాగితం తీసుకుని కూర్చున్నా.

ముందు ఆ సింగిల్ రూమ్ సంగతి. బీచ్ ఊళ్ళలో అలాంటివి అంతగా ఉండవమ్మా. కాటేజీ అంటే కాటేజీయే, ఒకరు పడుకున్నా ఇద్దరు పడుకున్నా దాదాపు అదే అద్దె. ఆ లెక్కన ఇద్దరు వెళ్తేనే గిట్టుబాటు. డబ్బుల విషయం కాబట్టి చెప్పాను, ఇంకేం లేదు.

రాజ్యం పిన్ని మొన్న ఫోన్ చేసింది. వాళ్ళ బుజ్జి నిన్ను మీ బెంగళూరు మారతహళ్ళిలో ఎవరో స్నేహితురాలి ఫ్లాట్ దగ్గర చూసిందట, చేతిలో పెద్ద సూట్‌కేసుతో. రాజ్యం సంగతి నీకు తెలుసుగా, గోరంత దొరికితే కొండంత చేస్తుంది. "ఆఫీసు పని మీద వెళ్ళి ఉంటుందిలే" అన్నాను. నేనేం అడగడం లేదు. ఆ సూట్‌కేసు నీలం రంగుదేనా, చక్రం ఊడినది? అదైతే అండమాన్‌కి వద్దు. జెట్టీల మీద లాక్కుంటూ నడవలేవు.

ఇక బస. హోటల్ ఫోటోలు చూసి బుక్ చేసెయ్యకు. ముందు ద్వీపం మ్యాపు చూడు. విమానం దిగేది పోర్ట్ బ్లెయిర్‌లో. 2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు, ఎక్కడైనా అలా కనిపిస్తే కంగారు పడకు. హావ్‌లాక్‌ని 2018లోనే స్వరాజ్ ద్వీప్ చేశారు, నీల్‌ని షహీద్ ద్వీప్. ఫెర్రీ టికెట్లు తీసుకునేటప్పుడు ఈ పేర్లు గుర్తుపెట్టుకో. బీచ్ కోసం వెళ్ళేవాళ్ళకి పోర్ట్ బ్లెయిర్‌లో మొదట ఒక రాత్రి, చివర ఒక రాత్రి చాలు. అబర్డీన్ బజారు చుట్టుపక్కల గది తీసుకో. ప్రభుత్వ ఫెర్రీలు బయల్దేరే ఫీనిక్స్ బే జెట్టీ అక్కడికి దగ్గర. బజారులో తెలుగు కూడా వినపడుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు, ఇడ్లీకి లోటు లేదు. సెల్యులార్ జైలు తప్పకుండా చూడు. 1906లో పూర్తయింది. ఒక ఖైదీ మొహం ఇంకో ఖైదీకి కనపడకుండా కట్టారు దాన్ని. మనిషిని ఒంటరిగా ఉంచడం కంటే పెద్ద శిక్ష లేదని తెల్లవాళ్ళకి కూడా తెలుసు. సరే, అది వదిలెయ్.

హావ్‌లాక్‌లో బీచ్‌లకి నంబర్లుంటాయి. జెట్టీ ఉన్నది ఒకటో నంబరు వైపు, బజారు మూడో నంబరు, దాని తర్వాత తూర్పు ఒడ్డునే ఐదో నంబరు, అంటే విజయనగర్. అందరూ ఎగబడే రాధానగర్ ఏడో నంబరు, పడమటి వైపు, జెట్టీకి పది పన్నెండు కిలోమీటర్లు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది దాన్నే. బాగుంటుంది, కాదనను. తెల్లటి ఇసుక, వెనక ఆకాశాన్నంటే మహువా చెట్లు. కానీ బస అక్కడ పెట్టకు. అక్కడ గదులు తక్కువ, ఉన్నవాటికి మన ఆస్తులు అమ్మాలి. ఆ ద్వీపాల్లో ఆరు కాకముందే చీకటి పడిపోతుంది. సూర్యాస్తమయం చూసిన జనం బిలబిలా వెళ్ళిపోయాక ఆ అడవి దారిలో నువ్వొక్కదానివీ ఏం చేస్తావు? పగలు ఆటో మాట్లాడుకుని వెళ్ళి, అదే ఆటోలో వెనక్కి రా.

తూర్పు ఒడ్డున గదులెక్కువ, తిండి దొరుకుతుంది, మందుల షాపు ఉంది. ఒక్క చిక్కు. ఆటు వచ్చినప్పుడు సముద్రం చాలా దూరం వెనక్కి పోయి రాళ్ళూ చచ్చిన పగడాలూ బయటపడతాయి. "బీచ్ ముందే రిసార్ట్" అని రాస్తారు కానీ సగం రోజు మోకాలి లోతు నీళ్ళు కూడా ఉండవు. పొద్దున్నే ఎండెక్కకముందు అక్కడ కూర్చోవడానికి మాత్రం బాగుంటుంది. ఈతకి రాధానగర్, పొద్దున్నే నిద్ర లేవడానికి విజయనగర్, నా లెక్క ఇది. ఈత కూడా లైఫ్‌గార్డు ఉన్న చోటే, బోర్డు పెట్టిన హద్దులోనే. 2010లో రాధానగర్ పక్కన ఒక విదేశీ అమ్మాయిని మొసలి లాక్కుపోయింది. భయపెట్టాలని కాదు, జరిగింది చెప్తున్నా.

ఎక్కడ దిగినా అడగాల్సినవి అడుగు. కరెంటు పోతే జనరేటర్ ఫ్యానుకేనా, ఏసీకి కూడానా? వేడినీళ్ళు బకెట్‌లో ఇస్తారా? కిటికీకి దోమల జాలీ ఉందా? ఇసుకలో కంటికి ఆనని ఈగలుంటాయి, కుట్టిన చోట వారం దురద. కొబ్బరినూనె సీసా పెట్టుకో. నీకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళంతా దద్దుర్లే కదా, ఆ మాత్రలు కూడా. ప్రసాద్‌కి సైనస్ ఉంది, అతన్ని స్కూబాకి దిగనివ్వకు. అతను వస్తే. నువ్వు దిగితే, తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, రక్తంలో గాలి బుడగలు వస్తాయట. గవ్వలూ పగడం ముక్కలూ ఏరి సంచిలో వేసుకోకు, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు.

నీల్ గురించి చెప్పాలి. చిన్నది, అయిదారు కిలోమీటర్లు ఉంటుందేమో అటు చివర నుంచి ఇటు చివరికి. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, అన్నీ రామాయణం పేర్లే. మేం వెళ్ళింది నువ్వు ఇంటర్ సెకండియర్‌లో ఉండగా, మీ నాన్న ఎల్టీసీ మీద. నిన్ను పెద్దమ్మ దగ్గర దింపి మద్రాసు హార్బర్‌లో ఓడ ఎక్కాం. దాదాపు మూడు రోజుల ప్రయాణం. బంగాళాఖాతం నడిమధ్యలో, టీ తాగుతూ తాగుతూ, వెంకూ బాబాయ్ బ్యాంకు అప్పుకి పూచీ సంతకం పెట్టానని చెప్పారు మీ నాన్న. ఇంట్లో చెబితే నేను పుట్టింటికి వెళ్ళిపోతానని ఓడలో చెప్పారట. దిగి ఎక్కడికి పోతాను? మాటలు బంద్. పోర్ట్ బ్లెయిర్‌లో లేవు, హావ్‌లాక్‌లో లేవు.

నీల్‌లో ఆయన ఆఫీసు స్నేహితుడెవరో చెప్పాడని సీతాపూర్ చివర వెదురు కాటేజీ మాట్లాడారు. జెట్టీ పక్కనే భరత్‌పూర్‌లో దిగొచ్చు, కాదు, ద్వీపం ఆ కొసకి. ఒక్క రాత్రికని వెళ్ళాం. తెల్లారేసరికి గాలి లేచింది, ఫెర్రీలు రద్దు. మళ్ళీ ఎప్పుడో జెట్టీలో ఎవరూ చెప్పరు. ఒకే గది, ఒకే మంచం, జనరేటర్ నడిచినంతసేపు తిరిగే ఒక ఫ్యాను. ఇంటావిడ బెంగాలీ. అక్కడివాళ్ళు చాలామంది తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్ళే. నాకు హిందీ రాదు, ఆవిడకి హిందీ, బెంగాలీ తప్ప ఇంకోటి రాదు. మధ్యాహ్నం ఆవనూనెలో వేయించిన చేప ముక్క పళ్ళెంలో పెట్టి తెచ్చింది, ఎంత ప్రేమగానో. నేను పళ్ళెం వంక చూశాను, మీ నాన్న వంక చూశాను. ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నారు. ఇంక తప్పక "మనం తినమని చెప్పండి" అన్నాను. ఓడ దిగాక నేను ఆయనతో అన్న మొదటి మాట అదే.

ఆయన ఆఫీసు హిందీలో ఏం చెప్పారో కానీ, ఆవిడ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. పెరటినిండా టమాటాలు, వంకాయలు. నీల్ అంతా కూరగాయల తోటలే, చుట్టుపక్కలకి అక్కడి నుంచే వెళ్తాయి. చారు పెడదామనుకున్నా. చింతపండు కోసం మీ నాన్న ఆ ఇంటావిడ కొడుకు సైకిల్ తీసుకుని వానలో బజారుకి వెళ్ళి, తడిసి ముద్దై, ఎండు ఖర్జూరాలు పట్టుకొచ్చారు. చింతపండుని హిందీలో ఏమంటారో షాపులో గుర్తు రాలేదట. టమాటాలతోనే కానిచ్చాను. గ్లాసు మీద గ్లాసు తాగారు, ఆవిడ కూడా తాగింది. మర్నాడు గాలి తగ్గినా ఫెర్రీ రాలేదు. ఆటు చూసుకుని లక్ష్మణ్‌పూర్ దగ్గర రాతి వంతెనకి నడిచాం. నీళ్ళు వెనక్కి పోయినప్పుడే వెళ్ళాలి అక్కడికి, రాళ్ళన్నీ పాచి. మీ నాన్న కాళ్ళకి హవాయి చెప్పులు. జారి నా భుజం పట్టుకున్నారు, రోడ్డెక్కేదాకా వదల్లేదు. కాలు బెణికింది మరి.

వెంకూ బాబాయ్ అప్పు సంగతి అప్పుడూ తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఫెర్రీలు ఆగిపోతాయి, చేతిలో ఒక రోజు ఖాళీగా ఉంచుకో అని. మార్చిలో సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది, అయినా తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకో.

నీకు ఉపన్యాసం ఇవ్వనని మీ నాన్నకి మాటిచ్చాను. ఇప్పుడు వెనక నిలబడి చదువుతూ "దాన్ని సతాయించకు" అంటున్నారు. అయినా అడుగుతున్నా, మీ ఇద్దరి మధ్యా ఏమైనా ఉంటే ఎవరో ఒకరు ముందు నోరు విప్పాలి కదా. ఎవరు తగ్గాలి అని లెక్కలేసుకుంటూ కూర్చుంటే సంవత్సరాలు గడిచిపోతాయి. నాగమణి వదినని చూశావుగా. ప్రసాద్ మాట పెళుసు, ఒప్పుకుంటా, పెళ్ళిలోనే చూశాను. కానీ అమ్మమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రంతా కుర్చీలో కూర్చున్నది అతనే. అలా అని నువ్వు అన్నీ భరించమని నేననడం లేదు. నిజంగా కష్టమైతే చెప్పు. నీ గది అలాగే ఉంది. కుట్టు మిషను ఒక్కటి పెట్టాను, తీయించేస్తా.

2020లో చెన్నై నుంచి అండమాన్‌కి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారు. పోర్ట్ బ్లెయిర్‌లో, హావ్‌లాక్‌లో ఇప్పుడు ఫోన్లు బాగా పనిచేస్తున్నాయట. బెంగళూరుకీ పెరంబూరుకీ మధ్య సముద్రం కూడా లేదు.

నా మాట ఇది. ఇద్దరూ వెళ్తే నీల్‌లో ఎక్కువ రోజులుండండి, భరత్‌పూర్ దగ్గర. ఒక్కదానివే అయితే హావ్‌లాక్‌లో మూడో నంబరుకీ ఐదో నంబరుకీ మధ్య, రోడ్డు పక్కన, ఇంటివాళ్ళు కూడా అక్కడే ఉండే చోటు చూసుకో. ఇప్పుడే డబ్బు మొత్తం కట్టెయ్యకు, రద్దు చేసుకునే వీలుంటేనే బుక్ చెయ్. బెంగళూరు నుంచి నేరుగా విమానం ఉన్నా సరే, చెన్నై మీదుగా వెళ్ళు. ముందు రోజు రాత్రి ఇక్కడ పడుకో, పొద్దున మీ నాన్న ఎయిర్‌పోర్ట్‌లో దింపుతారు. నేనేం అడగనులే.

ఈ ఉత్తరంతో పాటు కొరియర్‌లో మాగాయ రెండు సీసాలు పంపుతున్నా. కారం తక్కువది ప్రసాద్‌ది. అతను ఇంట్లో ఉంటే ఇవ్వు, లేకపోతే ఎక్కడున్నాడో అడ్రసు నాకు పంపు, నేనే వేరేగా పంపిస్తా. సీసాలు తలకిందులు కాకుండా చూడు, మూతలు కొంచెం వదులు.

ఆశీస్సులతో,
అమ్మ